హోటలు పనివారు – సాధింపు



నేటి నా ప్రసంగవిషయము మన పల్లెలకు సంబంధింపనిదిగా మొదట తోచవచ్చును. హోటళ్ళలో పనిచేయువారిని పై యధికారులును తోడివారును నోటితోను చేతలతోను సాధించినప్పుడు వారి మనస్సు ఏమగును, అట్టి మనస్సుతో నున్నవారు ప్రక్కనున్న పనివానికి చేయిసాయము చేయుదురా మానుదురా యను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. "పట్నపు హోటలు సంగతి మనకేల?" యని అరుగుమీద గూర్చున్నవారు అనుకొనవచ్చును. అట్లనుకొనుటకు ముందు తమ వీధిలో ఎన్ని యిండ్ల పిల్లలు హోటలు కొలువులకు పోయిరో యొకసారి లెక్కించి చూడవేడుచున్నాను. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, బెంగుళూరు, చెన్నై నగరములలోనే గాక దుబాయి, దోహాలలోను, సముద్రముమీద విహరించు పెద్ద యోడలలోను నేడు మన తెలుగుబిడ్డలు పడకలు సర్దుచు, వంటలు వండుచు, వడ్డన చేయుచునున్నారు. పండుగకు వారు ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన బట్టలను చూచి మనము సంతోషింతుము. వారితో గూడ ఇంటికి వచ్చిన మనస్సును చూచువారు తక్కువ.

నేను 1978లో హైదరాబాదు నగరమందలి యొక పెద్ద హోటలులో క్లీనరుగా ప్రవేశించి, సర్వరునై, తరువాత కెప్టెనునై, 2009లో పని విరమించితిని. కెప్టెనన్న సైన్యములోని పదవి కాదు. వడ్డన మేస్త్రీ యనుకొనుడు. ఎనిమిది పదిమంది సర్వర్లు నాచేతిక్రింద నుండెడివారు. ఆ హోటలు పేరు ఇచ్చట అనవసరము. నేను చెప్పబోవు దోషము ఆ భవనముది కాదు. అందులో సగము నాదియే.

పెద్ద హోటలు నడచు విధము పెండ్లివిందు నడపిన పెద్దలకు సులభముగ బోధపడును. పంక్తిలో అన్నము తెచ్చువాడొకడు, పప్పు తెచ్చువాడొకడు, నేయి పోయువాడొకడు. ఎవరి పని వారికి చెప్పియే యుందుము. అయినను చివరి విస్తరిలో ఉప్పు పడలేదని చూచి కేక వేయువాడెవడు? చంటిబిడ్డతో గూర్చున్న తల్లికి మంచినీళ్ళు అందలేదని గ్రహించి పరుగెత్తువాడెవడు? వానికెవరును ఆ పని యొప్పగింపలేదు. అట్టివారు నలుగురున్న విందు సాగును. లేని విందులో వంటలెంత రుచిగ నున్నను మాట దక్కదు.

హోటలులో ఈ విందు ప్రతిదినము మూడుపూటలు జరుగును. అతిథికి గది తాళపుచెవి యిచ్చుటకు ముందు, గది శుభ్రమైనదని రూమ్‌బాయిలు చెప్పవలెను. వారు చెప్పుటకు చాకిరేవు విభాగమునుండి దుప్పట్లు రావలెను. దుప్పట్లు రావలెనన్న బాయిలరు చూచు మెకానిక్కు సమయమునకు నీరు కాచి యుంచవలెను. ఒక్కొక్క రూమ్‌బాయికి ఒకపూట పనిలో 12 మొదలు 16 గదులవరకు అప్పగించుట వాడుక. ఏదో యొక గదిలో పిల్లలు తివాచీమీద పాలు పారబోసిరనుకొనుడు. ప్రక్క వరుస కుర్రవాడు వచ్చి ఒక పడక సర్దిపెట్టిననే గాని ఆ పూట లెక్క పూర్తికాదు. వడ్డన శాలలోను అంతే. ఒకడు రెండుచేతుల పళ్ళెములు పట్టుకొని వచ్చునప్పుడు మరియొకడు తలుపు తీసి పట్టుకొనును. "ఆరవ బల్లమీది పెద్దమనిషి కారము తినడు, నిన్న చెప్పినాడు" అని ఒకడు మరియొకని చెవిలో వేయును. ఈ పనులు ఎవరి ఉత్తరువులోను వ్రాసి యుండవు. జీతము లెక్కలో కనబడవు.

పనివారు సమ్మెకు బదులుగా కొన్నిచోట్ల ఒక ఉపాయము పన్నుదురు. నిబంధనలలో వ్రాసియున్నదానిని మాత్రము అక్షరము తప్పక చేసి, అంతకు మించి వ్రేలు కదపరు. అప్పుడు పని నిలిచినంత పనియగును. నియమములన్నియు పాటించినప్పుడే పని నిలిచిపోవుట వింతగా తోచును గాని, అడుగకయే చేయు సాయముమీద కొలువులన్నియు ఎంతగ నాధారపడి యున్నవో ఇదియే తెలుపుచున్నది. అమెరికాలో టెలిఫోను కంపెనీ అధ్యక్షుడుగ నుండిన చెస్టర్ బార్నార్డు 1938లో ప్రకటించిన గ్రంథములో, కలసి పనిచేయవలెనను ఇచ్ఛ లేనిదే ఏ సంస్థయు నిలువదని వాదించినాడు. ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన డెన్నిస్ ఆర్గన్ తోడి పరిశోధకులతో గూడి 1983లో ఈ యడుగని సాయమునకు ఒక పేరు పెట్టి, దానిని ప్రత్యేకశాస్త్రముగ పెంచినాడు. ఊరి పౌరుడు చెరువుగట్టు తెగినప్పుడు పిలువకయే పలుగుపార తీసికొని పోవునట్లు, కొలువునందలి పౌరధర్మమని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును.

ఇక సాధింపు సంగతి. ఇచ్చట పెద్దలు నన్నాపి ఒక ప్రశ్న వేయుదురని నాకు తెలియును. "మా కాలములో పంతులుగారు కోదండము వేయించలేదా? కమ్మరి తన శిష్యుని తిట్టలేదా? తిట్టు తినని వానికి పని వచ్చునా?" అని. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మాడిపోయిన కూరను పంపిన వంటవానిని మాస్టరు గద్దించుట సాధింపు గాదు. అగ్గి దగ్గర, కత్తుల దగ్గర పనిచేయువారు మెత్తని మాటలకై వేచియుండలేరు. తప్పును గూర్చి తిట్టిన తిట్టు తప్పుతో పోవును. సాధింపు మనిషిని గూర్చినది. అది పోదు.

ఈ భేదమును పరిశోధకులు కొంత కొలిచి చూచిరి. జర్మనీలో పుట్టి స్వీడనులో స్థిరపడిన హైన్జ్ లేమన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, 1980 తరువాతి సంవత్సరములలో, కొలువుల నుండి కుంగి వచ్చిన వారిని పరీక్షించి, దీనికి ఒక పేరు వాడినాడు. అది పక్షులను గూర్చి శాస్త్రజ్ఞులు వాడుచుండిన మాట. పగటివేళ గుడ్లగూబ కనబడినచో కాకులన్నియు గుంపుగూడి పొడుచుట మీరెరిగినదే గదా. అదియే ఆ మాట. వారమునకు ఒకసారియైనను, ఆరునెలలకు తక్కువ గాకుండ, ఒకే మనిషిమీద జరిగినదానినే అతడు ఆ పేరుతో లెక్కకు తీసికొనెను. తరువాత నార్వే దేశమందు బెర్గెను నగర పరిశోధకులు మూడు గురుతులు చెప్పిరి: మరల మరల జరుగుట, చాలకాలము సాగుట, పడువాడు ఎదురు చెప్పలేని స్థితిలో నుండుట. ఇందు మూడవది ముఖ్యము. సమానులిద్దరు జుట్టుజుట్టు పట్టుకొన్నచో అది తగాదా. ఒకడు చేతులు కట్టుకొని నిలువవలసినవాడైనచో అది సాధింపు. అత్తింట సాధింపు పడిన కోడలిని చూచినవారికి ఇంతకంటె వివరము అక్కరలేదు.

హోటళ్ళలో దీని రూపములు పలురకములు. పేరుపెట్టి పిలువక ఊరిపేరుతోనో, ఒంటిరంగుతోనో, కొన్నిచోట్ల సిగ్గులేక కులముతోనో పిలుచుట. మాటయాసను వెక్కిరించుట. డ్యూటీ పట్టిక మారినదని అందరికిని చెప్పి ఒకనికి చెప్పకుండుట. ఉదయము 7 మొదలు 11 వరకు, మరల సాయంకాలము 7 మొదలు 11 వరకు పగిలిన పూటను ఎల్లప్పుడు ఒకనికే వేయుట. పండుగసెలవు ఒకనికే లేకుండ చేయుట. వచ్చిన టిప్పులు పంచునప్పుడు ఒకనిని చివర నిలుపుట. భోజనమువేళ అతడు వచ్చి కూర్చున్న బల్లనుండి లేచిపోవుట. ఇందు కొట్టుట లేదు, తిట్టుట గూడ చాలవరకు లేదు. ఫిర్యాదు చేయబోయినవానికి చెప్పుటకు ఏమియు దొరకదు, చెప్పిన నవ్వుదురు.

ఇట్టివి ఒక్కొక్కటి చిన్నవి. వానికి మనస్సు కుంగునా యని అడుగవచ్చును. హోవార్డ్ వైస్, రసెల్ క్రొపన్‌జానో అను ఇరువురు పండితులు 1996లో ఒక సిద్ధాంతము ప్రకటించిరి. కొలువులో మనిషి మనస్సును నడపునవి జీతము, పదవి వంటి పెద్ద విషయములు మాత్రమే కావు. దినదినము జరుగు చిన్న సంఘటనలు ఒక్కొక్కటి కోపమునో సిగ్గునో భయమునో పుట్టించును. ఆ భావములే వాని నడవడిని వెంటనే మార్చును అని దాని సారాంశము. బోదెలో నీరు చుక్కచుక్కగ కారి గట్టును కోయుట రైతులు చూచినదే.

కోపమునకును మనఃస్థితికిని భేదము గలదు. కోపము ఒకనిమీద నుండును. మనఃస్థితి యెవరిమీదను నిలువదు. మబ్బువలె అందరిమీదను నీడ వేయును. అందువలననే దోషము చేసినవాడొకడు, దాని ఫలము కుడుచువాడు మరియొకడు నగును. దీనిని గూర్చి అమెరికాలో కొన్ని చిన్న పరీక్షలు జరిగెను. 1972లో ఆలిస్ ఐసెన్, పౌలా లెవిన్ అనువారు టెలిఫోను గదులలో నాణెము దొరకునట్లు ముందుగ నుంచి, నాణెము దొరకినవాడు వెలుపలికి వచ్చినప్పుడు ఎదుట ఒక స్త్రీ కాగితములు జారవిడుచునట్లు ఏర్పాటు చేసిరి. నాణెము దొరకిన 16 మందిలో 14 మంది వంగి కాగితములు ఏరి యిచ్చిరి. దొరకని 25 మందిలో ఒక్కడే యట్లు చేసెను. తరువాత ఇట్టి పరీక్ష చేసిన వారికందరికిని ఇంతటి భేదము కనబడలేదు గాన, ఈ లెక్కను వేదవాక్యముగ గొనరాదు. 2007లో క్రిస్టిన్ పోరత్, అమీర్ ఎరెజ్ అను ఇరువురు దీనికి ఎదురు వైపునుండి పరీక్షించిరి. కొందరు విద్యార్థులు ముందుగ అమర్యాదకు గురియగునట్లు చేసి, తరువాత వారికి కొన్ని పనులొప్పగించిరి. వారి బుద్ధి మందగించుటయే గాక, ఎదుటివారికి సాయపడుటయు తగ్గెను. అమర్యాద చేసినవారికి కాదు, సంబంధము లేనివారికి సాయము తగ్గెను! వారే 2009లో ప్రకటించిన పరిశోధనలో, తాము పడక కేవలము చూచినవారికిని అట్టి నష్టము కలిగినట్లు తేల్చిరి. ఒకనిని నలుగురియెదుట అవమానించు మేస్త్రీ ఒకనినే చెరచినానని యనుకొనును. నిలుచున్న నలుగురును చెడుదురు.

ఇంతవరకు చెప్పినది ఏ కొలువునకైన వర్తించును. హోటలు పనికి ప్రత్యేకమైనది యొకటి గలదు. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను.

పొలములో పనిచేయువానికి మనస్సు బాగుగ లేనిచో ముఖము ముడుచుకొని దుక్కి దున్నవచ్చును. ఎద్దులు వానిని నవ్వుమని యడుగవు. హోటలు సర్వరుకు ఆ స్వాతంత్ర్యము లేదు. వంటింటిలో ఇప్పుడే తిట్టుతిని, తలుపు దాటగానే అతిథియెదుట చిరునవ్వుతో వంగవలెను. ఆ చిరునవ్వు వాని జీతములో భాగము. ఆంగ్లరచయిత జార్జి ఆర్వెల్ – ఈయన 1903లో మన దేశమందే, బీహారులోని మోతిహారిలో జన్మించెను – యౌవనమున పారిసు నగరమందు ఒక పెద్ద హోటలులో అంట్లు తోముచు బ్రతికెను. 1933లో అచ్చయిన తన పుస్తకములో ఆ హోటలు తలుపును గూర్చి వ్రాసియున్నాడు. ఇటలీదేశీయుడగు ఒక వడ్డన యధికారి, సారాయి సీసా పగులగొట్టిన కుర్రవానిని తలుపునకు ఈవల వినరాని మాటలాడి, తలుపు తోసికొని ఆవలికి పోవుసరికి పరమశాంతమూర్తియై అతిథులకు మ్రొక్కుచుండెనట. ఆ తలుపును నేను 31 సంవత్సరములు దాటితిని. ఆర్వెల్ వ్రాసినది అతిశయోక్తి కాదు.

కాలిఫోర్నియాకు చెందిన ఆర్లీ హోక్షీల్డ్ అను పండితురాలు విమానములలో సేవచేయు యువతులను పరిశీలించి 1983లో ఒక గ్రంథము వెలువరించెను. కండబలముతో చేయు పని, బుద్ధితో చేయు పని యుండునట్లే, భావములతో చేయు పనియు నొకటి యుండుననియు, లోపల లేని సంతోషమును వెలుపల చూపుట మూటలు మోయుటవలె అలసట గలిగించుననియు ఆమె చెప్పెను.

నా యనుభవమునుబట్టి దీనికి నేనొక మాట చేర్చెదను. సర్వరు మనస్సు దుకాణములోని గల్లాపెట్టె వంటిది. అందులో ఆ దినమునకు ఇంత చిల్లర యుండును. అవమానము పడినవానికి అది ఉదయమే సగమగును. మిగిలినది అతిథికి ఇచ్చి తీరవలెను. ఇయ్యనిచో కొలువు పోవును. ఇక తోడివాడు వచ్చి చేయిచాచునప్పటికి పెట్టె ఖాళీ. అతిథికి చూపు నవ్వును మేనేజరు కాచుకొని చూచుచుండును. తోడివానికి చేయు సాయమును ఎవరును చూడరు, వ్రాయరు. కావున మొదట ఎండునది అదియే. అతిథులు బాగుగనే యున్నదందురు, లెక్కలు బాగుగనే యుండును, లోపల మాత్రము మనిషికి మనిషి పలుకడు. దీనికి తోడు భయమొకటి. సాధింపు పడువాడు మరియొకని పనిలో వ్రేలు పెట్టినచో, అందేదైన పొరబాటైన ఆ నేరము వానిమీదికే వచ్చును. కావున గిరి గీసికొని కూర్చుండును. మనము వానిని స్వార్థపరుడందుము.

ఇక నా సంగతి. 1993లో కోనసీమనుండి ఇరువదేండ్ల యువకుడొకడు నాక్రిందికి సర్వరుగ వచ్చెను. పేరు చెప్పను. చురుకైనవాడు. పిలిచినను పనిచెప్పినను "ఆయ్" అనెడివాడు. ఆ సీమలో అది పెద్దలయెడ మర్యాదయని నాకు తెలియకపోలేదు. అయినను మూడవనాడో నాలుగవనాడో, ఏదో పరధ్యానములో నుండి, వాని "ఆయ్"ను నేను సాగదీసి వెక్కిరించితిని. సర్వర్లందరు నవ్విరి. ఆ నవ్వు నాకు రుచించెను. మరునాడు వంటవారును నేర్చుకొనిరి. వాడు వంటింటి కిటికీకడకు చీటితో పోవుటయే తడవుగ లోపలనుండి పదిగొంతుకలు "ఆ...య్" అని కూసెడివి. నెలదినములకు వాడు ఆ మాట మానుకొనెను. తరువాత మాటలే మానుకొనెను.

వాడొకసారి తన బల్లలు విడిచి ప్రక్కవాని బల్లలకడకు పోయి నీళ్ళు పోసెను. ప్రక్కవాడు పనిలో మునిగి యుండెనట. నేను చూచి, "టిప్పు వాసన తగిలిందా? నీ టేబులు నీవు చూచుకో, దాటితే కాళ్ళు విరుగును" అంటిని. అందరియెదుట అంటిని. మరి రెండుసార్లును అట్లే అంటిని.

ఒకనాటి ఉదయము ఒక కుటుంబము వాని బల్లవద్ద ఫలహారము చేయుచు, తమ చిన్నవానికి జీడిపప్పు పడదనియు, నోట పడినచో ఒళ్ళంతయు దద్దురులెత్తి ఊపిరాడదనియు వానికి చెప్పిరి. వాడు వంటవారికి చెప్పి జాగ్రత్తగ నడపెను. ఆ రాత్రి అదే కుటుంబము భోజనమునకు మరియొక వరుసలో కూర్చుండెను. అచ్చటి సర్వరుకు ఈ సంగతి తెలియదు. తల్లి హిందీలో ఏమో చెప్పినదట, అతనికి సరిగా బోధపడలేదు. పెద్దహోటళ్ళలో తెల్లని కూరలకు జీడిపప్పు నూరి కలుపుట రివాజు. కంటికి కనబడదు. ఆ కూర గిన్నె తన యెదుటనుండి ఆ బల్లవైపు పోవుట కోనసీమ కుర్రవాడు చూచెను.

చూచి నిలుచుండెను.

బిడ్డ పెదవులు వాచి, గొంతు పట్టి, ఎగరోజిన ధ్వని వినబడువరకు ఎవరికిని తెలియలేదు. అదృష్టవశమున ఒక డాక్టరుగారు ఆ శాలలోనే భోజనము చేయుచుండిరి. బిడ్డను ఆసుపత్రికి చేర్చిరి. రెండుదినములకు బాగుపడి ఇంటికి పోయెను. ఆ రాత్రి విచారణలో వానికి ముందే తెలియునని బయటపడగా నేను మండిపడితిని. "తెలిసి యెందుకు చెప్పలేదురా?" అని యడిగితిని. వాడు నేల చూచుచు, కోపము లేని గొంతుకతో, "తమరే గదండీ నా టేబులు దాటొద్దన్నారు" అనెను.

ఇందులో ఎంత భయము, ఎంత కసి, ఎంత కేవలము అలసట యున్నదో నేను నేటికిని తేల్చుకొనలేకున్నాను. బహుశః వానికే తెలియదు. వచ్చిన మొదటివారములో నైనచో వాడు పరుగెత్తి ఆ గిన్నె లాగివేసియుండునని మాత్రము నిశ్చయముగ నెరుగుదును. ఆ నాలుగు నెలలలో వానిని మార్చినది వంటింటి వేడి కాదు.

నేనట్లు ప్రవర్తించుటకు నాకొక సమాధానము సిద్ధముగ నుండెడిది. 1978లో మాస్టరు నన్ను గరిటెకాడతో ముణుకులమీద కొట్టెను. అతని గురువు అతనిని కొట్టెను. నేను పడితిని, నేర్చితిని, పైకి వచ్చితిని అని. తరువాత నేను ఫ్రాన్సు దేశపు ఆగస్ట్ ఎస్కాఫియే చరిత్ర చదివితిని. నేడు పెద్ద హోటళ్ళ వంటశాలలలో సైన్యమువలె అంతస్తులు ఏర్పరచిన పద్ధతి ఈయన పేరుతోనే నిలిచినది. 1846లో పుట్టి, పదుమూడవ యేట నీస్ నగరములో పినతండ్రిగారి భోజనశాలలో శిష్యుడుగ చేరి, అచ్చట దెబ్బలు బాగుగనే తినెను. 1870 నాటి యుద్ధములో సైన్యమునకు వంట చేసెను. 1890లో లండను సవాయ్ హోటలు వంటశాలకు అధిపతి యయ్యెను. అధిపతియైన పిదప తన వంటశాలలో అరుపులు, బూతులు నిషేధించెననియు, కోపము ఆపుకొనలేనప్పుడు తానే కొంతసేపు వెలుపలికి పోయెడివాడనియు చెప్పుదురు. వేడికి దాహమైనవారు మద్యమునకు బదులు త్రాగుటకై బార్లీనీరు కాయించి యుంచెనట. దెబ్బతిన్న ప్రతివాడును కొట్టితీరవలెనను నియమము లేదని ఇది చదివినప్పుడు నాకు తోచినది. అప్పటికి ఆలస్యమైనది.

సాధింపు పడినవారందరు ఒకటే విధముగ ముడుచుకొనరని గూడ చెప్పవలెను. కొన్నిచోట్ల పడువారు నలుగురు ఒకటై, ఒకరినొకరు తోబుట్టువులకంటె మిన్నగ కాచుకొందురు. భోజనమువేళ ప్రక్కన గూర్చుండువాడు ఒక్కడున్నను మనిషి నిలుచును. ఆ యొక్కడు లేకుండుటయే ప్రమాదము. కావున పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు "జీతమెంత పెరిగినది?" అని యడుగుటతో నిలుపక, "అన్నమెవరితో తిందువురా?" అని యడిగిన చాల సంగతులు తెలియును. ఒంటరిగా తిందునన్నచో, మునుపు నవ్వువాడు నవ్వనిచో, పొరుగువాడు బండి త్రోయుమని పిలిచిన వినబడనట్లు పోవుచున్నచో, వానికి బద్ధకమనుకొనుటకు ముందు రెండు దినములు ఓపికతో మాటలాడించుడు. ఎన్నడు, ఎవరు, ఏమనిరో తేదీతో ఒక పుస్తకములో వ్రాసికొమ్మని చెప్పుడు. ఇట్టి చిన్న విషయములు విడివిడిగ చెప్పిన నవ్వులపాలగును. వరుసగ చూపిన యజమానియు కాదనలేడు.

చట్టములును కొన్ని కలవు. స్వీడను దేశము 1993లోనే కొలువులలో సాధింపును అరికట్టుటకు ప్రత్యేక నియమములు చేసెను. ఫ్రాన్సు 2002లో దీనిని శిక్షింపదగిన నేరముగ చేసెను. 2019లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ 190వ ఒడంబడికను ఆమోదించెను. పనిచోట హింస, వేధింపు లేకుండుట ప్రతివాని హక్కని అందులో గలదు. మన దేశములో స్త్రీలయెడ లైంగిక వేధింపును గూర్చి 2013 చట్టము గలదు. పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న ప్రతి చోటను ఫిర్యాదులు వినుటకు ఒక కమిటీ యుండితీరవలెను. అంతకంటె చిన్నచోట్ల పనిచేయు స్త్రీలు జిల్లా కమిటీకి చెప్పుకొనవచ్చును. హోటళ్ళకు పోవు ఆడబిడ్డల తల్లిదండ్రులు దీనిని ముఖ్యముగ తెలిసికొనవలెను. ఇతరములైన సాధింపులకు చట్టము మాట యెట్లున్నను, మొదట వినవలసిన న్యాయస్థానము ఇల్లే.

ఆ బిడ్డ సంగతి జరిగిన నెలదినములకు కోనసీమ యువకుడు పని మానుకొనెను. వాని పెట్టె తీసికొనిపోవుటకు తండ్రి వచ్చెను. తెల్లని పంచె, భుజముమీద కండువా, చేతిలో అరటిగెల. ఆ గెల నాకొరకే తెచ్చెనట! వెనుక ద్వారముకడ నన్ను చూచి రెండుచేతులు జోడించి, "మావాడు ఏం తప్పు చేశాడండీ? నాకు చెప్పట్లేదు" అని యడిగెను. నిజము చెప్పుటకు అంతకంటె మంచి సమయము నాకు మరల దొరకలేదు. నేను, "తప్పేమీ లేదండి. కుర్రవాడికి ఓపిక తక్కువ, అంతే" అంటిని.

ఆయన తల యూపి, "ఆయ్. నేనూ అదే అంటున్నానండి" అని, కుమారునివైపు తిరిగి, పెద్దలు చెప్పినప్పుడు వినవలెనని నాయెదుటనే మందలించెను. వాడు సైకిళ్ళ స్టాండుకడ నిలుచుండి నావైపు చూడలేదు. తండ్రి ఆ రేకుపెట్టెను తానే నెత్తికెత్తుకొని ముందు నడచెను. ఇద్దరును బస్సుస్టాండు త్రోవను పోయిరి. గెల ద్వారముకడనే యుండెను.